ఉదాత్తం ఎక్కడ పడింది?

పీతాంబరమంటే పసుపు పట్టుబట్ట. పీతాంబరుడంటే దాన్ని కట్టుకున్న విష్ణువు. కలిసిన పదాలు అవే అయినా మొదటిది కర్మధారయం, రెండోది బహువ్రీహి. ఆ తేడాను మనకు చివరనున్న ము, డులు పట్టిస్తాయి. వేదభాషలో చాలాచోట్ల ఆ ఆధారం దొరకదు. అక్షరాలు మారవు, విభక్తి మారదు, అర్థం మాత్రం తలకిందులవుతుంది. అక్కడ దారి చూపేది స్వరమే, అంటే ఏ అచ్చు మీద ఉదాత్తమనే ప్రధాన స్వరం పడిందన్నదే.

రాజపుత్ర శబ్దాన్ని తీసుకుందాం. చివరి అచ్చు ఉదాత్తమైతే తత్పురుషం, రాజు కొడుకు అని అర్థం. మొదటి అచ్చు ఉదాత్తమైతే బహువ్రీహి, రాజులు కొడుకులుగా గలవారు అని అర్థం. ఋగ్వేదం రెండో మండలంలో అదితికి ఈ విశేషణం స్త్రీలింగంలో, మొదటి అచ్చు ఉదాత్తంగా వస్తుంది. వరుణుడు, మిత్రుడు వంటి రాజులను కన్న తల్లి ఆమె. పాణిని దీనికి నియమం చెప్పాడు. సమాసంలో సాధారణంగా చివరి అచ్చు ఉదాత్తం. బహువ్రీహిలో మాత్రం పూర్వపదం తన సొంత స్వరాన్ని నిలుపుకుంటుంది. అష్టాధ్యాయి ఆరో అధ్యాయం రెండో పాదంలోని 199 సూత్రాలు ఈ సమాసస్వరాల చర్చకే సరిపోయాయంటే, విషయం ఎంత లోతైనదో ఊహించవచ్చు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ వృత్రుడి కథ. తన కొడుకు విశ్వరూపుణ్ణి ఇంద్రుడు చంపాడన్న కోపంతో త్వష్ట హోమం చేశాడు. పుట్టబోయేవాడు ‘ఇంద్రశత్రువు’గా పెరగాలన్నాడు. శత్రు శబ్దానికి ఇక్కడ చంపేవాడని అర్థం. త్వష్ట మనసులో ఉన్నది తత్పురుషం: ఇంద్రుణ్ణి చంపేవాడు. నోట వచ్చింది మొదటి అచ్చు ఉదాత్తమైన ఆద్యుదాత్తం, అంటే బహువ్రీహి: ఇంద్రుడు ఎవరిని చంపుతాడో వాడు. వృత్రుడు పుట్టాడు, పెరిగాడు, ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యం తొలి ఆహ్నికంలోనే ఈ పదాన్ని గుర్తుచేస్తాడు.

ఈ పదాన్ని రెండు స్వరాలతోనూ విడివిడిగా పలికితే చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఉదాత్తమంటే ఎత్తైనదని పేరే గాని, నేటి తైత్తిరీయ శాఖ వేదపఠనంలో అది మధ్యస్థాయిలో ఉంటుంది. దాని వెనక వచ్చే స్వరితమే పైకి లేస్తుంది. బహువ్రీహిలో ‘ఇం’ మధ్యలో నిలిచి ‘ద్ర’ పైకి వెళుతుంది. తత్పురుషంలో ‘ఇం’, ‘ద్ర’, ‘శ’ మూడూ కిందనే ఉండి ‘త్రుః’ దగ్గర గొంతు మధ్యస్థాయికి చేరుతుంది. రాతలోనేమో కింది స్వరమైన అనుదాత్తానికి కింద అడ్డగీత, స్వరితానికి పైన నిలువుగీత పెడతారు. అర్థాన్ని నిర్ణయించే ఉదాత్తానికి అసలు గుర్తే ఉండదు. అందుకే గురుముఖతః నేర్వక తప్పదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మరొకటి. త్వష్ట పలికిన తప్పు స్వరాన్ని వైదికులు సరిదిద్దలేదు. తెలుగునాట ఎక్కువగా వినిపించే శాఖ తైత్తిరీయమే. ఆ సంహిత రెండో కాండంలో ఈ పదం ఆద్యుదాత్తంగానే ఉంది. పదాలను విడదీసి చెప్పే పదపాఠంలో దాన్ని ఒకసారి కలిపి చెప్పి, ‘ఇతి’ చేర్చి, ఇంద్ర, శత్రుః అని విడదీసి మళ్లీ చెబుతారు. విద్యార్థి నాలుక త్వష్ట ఉద్దేశం వైపు జారితే గురువు ఆపుతాడు. ‘ఇం’ దగ్గర ఉదాత్తం పడేదాకా మళ్లీ చెప్పిస్తాడు.