కిలోలోపు ఇల్లు: సోలో టెంట్‌పై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ నుంచి హిమాలయ ట్రెక్‌లకు వెళ్లొచ్చినవాళ్లలో చాలామందికి టెంట్ ఎంచుకునే అవసరమే పడదు. సాయంత్రానికి క్యాంపు చేరేసరికి నిర్వాహకుల మనుషులు టెంట్లు వేసి, టీ కాచి ఉంచుతారు. అదే మనిషి ఉద్యోగం మీద సియాటిల్ వెళ్లి, పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ మీద మనసు పడ్డాడనుకోండి, అక్కడ వేసిపెట్టేవాళ్లెవరూ ఉండరు. మెక్సికో సరిహద్దు పక్కన కాంపో దగ్గర మొదలై కెనడా దాకా 4,265 కిలోమీటర్లు. తిండి, నీళ్లు, పక్క, ఇల్లు అన్నీ వీపు మీదే. దాంతో అందరి చూపూ బరువు మీద పడుతుంది. గ్రాములు లెక్కపెట్టడంలో తప్పులేదు. కానీ టెంట్ చేయాల్సిన పని నిజానికి చాలా చిన్నది: వాన, గాలి, దోమలు మన జోలికి రాకుండా చూడటం. అంతకుమించి ఆశించినచోటే డబ్బు దండగవుతుంది.

అపోహ: లేబుల్ మీద ఎంత రాసుంటే అంతే మోస్తాం.

కంపెనీలు చాలావరకు రెండు బరువులు చెబుతాయి. పెద్ద అక్షరాల్లో కనిపించేది కనీస బరువు. అందులో పైకప్పు, లోపలి వల, ఉంటే స్తంభాలు, అంతే. మేకులు, తాళ్లు, సంచులు లెక్కలోకి రావు. మేకులు లేకుండా పడుకునేవాళ్లెవరో నాకైతే తెలియదు. వై ఆకారపు అల్యూమినియం మేకు ఒక్కోటి 10–15 గ్రాములుంటుంది, ఎనిమిది కలిస్తే వంద గ్రాములు అటూఇటూ. కింద పరిచే షీటు అదనం.

ట్రెకింగ్ పోల్స్‌తో నిలబెట్టే టెంట్లది ఇంకో తిరకాసు. వాటి బరువులో స్తంభాలే ఉండవు, మన చేతికర్రలే స్తంభాలు. ఎలాగూ పోల్స్ పట్టుకుని నడిచేవాళ్లకు ఇది అచ్చమైన ఆదా. చేతులూపుకుంటూ నడిచేవాళ్లు మాత్రం టెంట్ కోసం విడిగా పోల్స్ కొనుక్కోవాలి. అమెరికాలో విమానం ఎక్కేటప్పుడు వాటిని చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు, చెక్‌ఇన్ లగేజీలో వేయాల్సిందే.

అపోహ: తెల్లారేసరికి లోపల తడిగా ఉందంటే టెంట్ కారుతున్నట్టే.

కొత్తవాళ్లు మంచి టెంట్లను తిరిగి పంపించేసేది ఎక్కువగా ఈ పొరపాటు వల్లే. మనిషి రాత్రంతా ఊపిరితో, చర్మంతో సుమారు గ్లాసు నీళ్లంత ఆవిరి వదులుతాడు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి టెంట్ బట్ట చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టు, ఆవిరి ఆ బట్టకు తగిలి చుక్కలు కడుతుంది. వాన చినుకు పడకపోయినా పైకప్పు లోపలివైపు తడుస్తుంది. బట్ట ఎంత ఖరీదైనదైనా దీనికి మినహాయింపు లేదు.

రెండు పొరల టెంట్ కొంటే ఈ బాధ తప్పుతుందనేది దీని చెల్లెలు లాంటి అపోహ. చెమ్మ అప్పుడూ పడుతుంది. తేడా ఏమిటంటే అది బయటి పొరకు పడుతుంది, మధ్యలో ఉన్న వల మన స్లీపింగ్ బ్యాగ్‌ను దానికి తగలనివ్వదు. ఒంటిపొర టెంట్‌లో కాళ్లు చాపితే నేరుగా తడి గోడకే తగులుతాయి. ఈ బాధకు మందు టెంట్‌లో కన్నా చోటులో ఎక్కువ ఉంది. రాత్రి చల్లగాలి పల్లానికి జారుతుంది, కాబట్టి ఏటి ఒడ్డు పచ్చిక ఎంత ముద్దొచ్చినా అక్కడ వేయకండి. కాస్త మెరకన, చెట్ల కింద వేస్తే కొమ్మలే రెండో కప్పు. వాన లేకపోతే తలుపు రెక్కలు చుట్టి కట్టేయండి. చలేస్తుందని అన్నీ బిగించుకుని పడుకుంటే వెచ్చదనం రాదు, చెమ్మ వస్తుంది. వెచ్చదనం స్లీపింగ్ బ్యాగ్ పని, కింద పరుపు పని. చేతిరుమాలంత గుడ్డ ఒకటి జేబులో ఉంచుకుంటే పొద్దున్నే గోడలు తుడిచి, పిండి, బ్యాగ్‌కు కట్టుకుని నడవచ్చు. మధ్యాహ్నం తిండికి ఆగినప్పుడు టెంట్‌ను ఎండలో పావుగంట ఆరేస్తే సరి. లేదంటే తడిబట్టలోని నీళ్లే ఒక్కోసారి పావుకిలో తూగుతాయి. దుకాణంలో వంద గ్రాముల కోసం వంద డాలర్లు ఎక్కువ పెట్టినవాళ్లు ఈ పావుకిలో సంగతి పట్టించుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతే.

అపోహ: డైనీమాను మించిన బట్ట లేదు.

ఒకప్పుడు క్యూబెన్ ఫైబర్ అన్నది ఇదే. పందెపు పడవల తెరచాపల కోసం పుట్టిన బట్ట. నీళ్లు పీల్చదు, తడిసినా సాగదు, చాలా తేలిక. ఇవన్నీ నిజమే. కానీ రాపిడికి, ముల్లుపోటుకు అంత ఓర్చుకోదు. మడిస్తే నైలాన్ కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దానితో కుట్టిన టెంట్ ధర తరచూ 600 డాలర్ల దాకా పోతుంది. సిలికాన్ పూసిన నైలాన్ బలమైనదే గానీ తడిస్తే సాగుతుంది. పడుకునేముందు బిగుతుగా కట్టిన పైకప్పు అర్ధరాత్రి వానలో ముఖం మీదికి వేలాడుతుంది, లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. సిలికాన్ పూసిన పాలిస్టర్ అంతగా సాగదు. నన్నడిగితే, మొదటిసారి వెళ్లేవాళ్లకు పాలిస్టరే మేలు. మిగిలిన డబ్బు మంచి స్లీపింగ్ బ్యాగ్‌కు పెట్టొచ్చు.

బట్ట పక్కన రాసే 1,200, 3,000 మిల్లీమీటర్ల అంకెల గురించీ ఒక మాట. ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని ఆ బట్ట ఆపగలదో చెప్పే కొలత అది. 3,000 ఉన్నది 1,200 కన్నా రెండున్నర రెట్లు వాన ఆపుతుందని కాదు. పైకప్పుకు 1,200 మామూలు వానల్లో సరిపోతుంది. మోకాలు నొక్కుకునే నేలబట్టకు ఎక్కువ ఉంటే మంచిది. నిజమైన కారుడు చాలాసార్లు కుట్ల దగ్గరే. సిలికాన్ బట్టకు మామూలు టేపు అంటుకోదు, అందుకే కొన్ని టెంట్లను కుట్లు పూడ్చకుండానే అమ్ముతారు. కొన్నవాళ్లే సిలికాన్ సీలర్ బ్రష్‌తో పూసుకోవాలి. వివరణలో ఈ సంగతి ఎక్కడో చివరి వరసలో ఉంటుంది.

ఇంకొన్ని చకచకా చెప్పేసుకుందాం. సొంత స్తంభాలతో తనంతట తానే నిలబడే ఫ్రీస్టాండింగ్ టెంట్‌కు మేకులక్కర్లేదనుకోకండి, దక్షిణ కాలిఫోర్నియా ఎడారిగాలికి ఖాళీ టెంట్ దొర్లుకుంటూ పోతుంది. దారిలో వచ్చే సియెర్రా పర్వతాల గ్రానైట్ బండల మీద మేకు దిగదు, అక్కడ తాళ్లను రాళ్లకు కట్టాలి. ఫోర్ సీజన్ టెంట్ చలికోసం చేసింది కాదు, మంచు బరువును, ఈదురుగాలిని తట్టుకోవడానికి చేసింది. వసంతంలో బయల్దేరేవాళ్లకు ఆ అదనపు బరువు వృథా. ఇక ఎలుగుబంటికి టెంట్ గోడ ఓ లెక్క కాదు. తిండి లోపల పెట్టుకోకూడదు. సియెర్రాలో కొన్నిచోట్ల ఎలుగు తెరవలేని గట్టి డబ్బా మోయడం నిబంధన.

అపోహ: ఒకరికని రాసుంటే ఎవరైనా పడతారు.

కొలత నేల మీద తీసింది. గోడలేమో ఏటవాలుగా పైకి వెళ్తాయి. ఆరడుగుల మనిషి ఏడడుగుల నేల మీద పడుకున్నా, గాలిపరుపు అతన్ని మూడంగుళాలు పైకి లేపుతుంది. ఆ ఎత్తులో గోడ దగ్గరికొచ్చేసి ముక్కుకో బొటనవేలికో తగులుతుంది. దుకాణంలో పరుపూ స్లీపింగ్ బ్యాగూ వేసుకుని పడుకుని చూడండి. అక్కడే లేచి కూర్చుని చొక్కా మార్చుకునే ప్రయత్నం కూడా చేయండి. జనం నవ్వితే నవ్వనివ్వండి.

ఖరీదైన టెంట్ లేనిదే ఇలాంటి దారుల్లో నడవలేమన్నవాళ్లకు ఎమ్మా గేట్‌వుడ్ పేరు చెబుతుంటారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికా తూర్పువైపు ఉన్న అపలేచియన్ ట్రయిల్‌ను మొదటి కొస నుంచి చివరి కొసదాకా నడిచిందావిడ. టెంట్‌కు బదులు స్నానాలగది ప్లాస్టిక్ తెర ఉండేది. కథ నిజమే, కానీ సగం. ఆ దారి పొడవునా కప్పున్న షెల్టర్లుంటాయి, కొన్ని రాత్రులు ఊళ్లవాళ్ల ఇళ్లలోనూ తలదాచుకుంది. పసిఫిక్ క్రెస్ట్ మీద అలాంటి షెల్టర్లు అరుదు. అపలేచియన్ మీద ఉన్నవీ రద్దీరోజుల్లో నిండిపోతాయి. అంటే అక్కడ కూడా సొంత కప్పు మోయక తప్పదు.

కొన్న టెంట్‌ను ట్రయిల్‌కు తీసుకెళ్లేముందు పెరట్లో వేసి, హోస్‌పైపుతో పావుగంట నీళ్లు కొట్టి, టార్చి వేసి లోపలి నుంచి కుట్లు చూడండి. కుట్లు పూడ్చే ఉన్నాయని చెప్పి అమ్మినది కారితే వెంటనే వాపసు ఇవ్వండి. సొంతంగా సీలర్ పూసినదాన్ని చాలా దుకాణాలు తిరిగి తీసుకోవు.