నీటి శుద్ధి యంత్రాలలో విద్యుత్ వైఫల్య నిర్ధారణ: విజయవాడ వన్ టౌన్ నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రవేశిక:

విజయవాడ వన్ టౌన్ కృష్ణ ఒడ్డునే ఉన్నది. అయినా ఆ నీరు తనంత తానుగా ఇళ్ళకు రాదు. విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లో శుద్ధి అయిన నీటిని పంపులే ముందుకు నెట్టాలి. ఇంద్రకీలాద్రి వాలులలోని ఇళ్ళకైతే దానిని మరొకసారి పైకి ఎత్తవలసి ఉంటుంది. ఇబ్రహీంపట్నంలో 1979లో ఉత్పత్తి ప్రారంభించిన తాప విద్యుత్ కేంద్రం పరిస్థితి ఇంకా చిత్రమైనది. అక్కడ విద్యుత్తు తయారు కావాలంటే బాయిలరుకు లవణరహిత జలం కావాలి; ఆ జలం తయారు కావాలంటే విద్యుత్తు కావాలి.

ఇటువంటి చోట్ల యంత్రం ఆగగానే వినిపించే మాట 'కరెంటు పోయింది' అని. ఈ ఒక్క మాట కనీసం నాలుగు స్థితులను కప్పివేస్తుంది: సరఫరా పూర్తిగా ఆగడం, మూడింటిలో ఒక ఫేజు పోవడం, వోల్టేజి క్షణకాలం పడిపోవడం, సరఫరా ఉండగానే నియంత్రణ వలయం తెగడం. మొదటిది అందరికీ తెలుస్తుంది. నాల్గవదానిని పుష్ బటన్, ఫ్లోట్ స్విచ్, కాంటాక్టర్ కాయిల్ వరుసలో వోల్టేజి ఎక్కడ ఆగిందో చూస్తూ పోతే పట్టుకోవచ్చు. చిక్కంతా మధ్య రెండింటితోనే.

2. ఫేజు పోవడం:

ఆగి ఉన్న మోటారుకు ఒక ఫేజు లేకుంటే అది తిరగదు, గుర్రుమని శబ్దం చేస్తుంది. తిరుగుతున్న మోటారుకు ఫేజు పోతే మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అదే భారాన్ని మోయడానికి మిగిలిన రెండు ఫేజులలో ప్రవాహం సుమారు 1.73 రెట్లు అవుతుంది. ఓవర్‌లోడ్ రిలే సరిగా అమర్చి ఉంటే మోటారును ఆపుతుంది. కారణం వెదకకుండా రీసెట్ నొక్కి మళ్ళీ నడపడమే సాధారణంగా మోటారును కాల్చే పని.

ఇక్కడ కొలత కూడా మోసం చేయగలదు. తిరుగుతున్న మోటారు, సరఫరా లేని మూడవ కొసలో తానే వోల్టేజిని ప్రేరేపిస్తుంది. అందుచేత మోటారు పెట్టె వద్ద టెస్టర్ వెలుగుతుంది, వోల్టు మీటరు కూడా అంకె చూపుతుంది. 'మూడు ఫేజులూ ఉన్నాయి' అన్న తప్పుడు నిర్ణయం వెలువడుతుంది. క్లాంప్ మీటరుతో మూడు తీగలలోని ప్రవాహాన్ని కొలిస్తే ఈ భ్రమ తొలగుతుంది.

లోపం ఎక్కడిదన్నది తరువాతి ప్రశ్న. మోటార్లను ఆపి ప్రతి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలవాలి. ఒక ఫేజు సున్నా, మిగతా రెండు 240 వోల్టుల చేరువలో ఉంటే లోపం ఎల్.టి. వైపుది. ఒకటి 240 ఉండి, మిగతా రెండు 120 చేరువకు దిగితే, డెల్టా–స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కె.వి. వైపున ఒక ఫేజు పోయిందని అర్థం. ప్లాంటులో ఫ్యూజులు విప్పి చూడటం అప్పుడు వృథాశ్రమ.

కాలిన మోటారు కూడా సాక్ష్యం చెబుతుంది. ఫేజు పోయి కాలినప్పుడు స్టార్ అనుసంధానంలో రెండు ఫేజుల చుట్టలు నల్లబడతాయి. డెల్టాలో ఒక ఫేజు చుట్టలే. మూడూ సమానంగా నల్లబడితే భారం ఎక్కువైందనో, పంపు పట్టేసిందనో అనుమానించాలి. రీవైండింగుకు పంపే ముందు ఈ పరిశీలన చేయకపోతే కొత్త చుట్టలు కూడా అదే దారి పడతాయి.

ఫేజులన్నీ ఉన్నా అవి అసమానంగా ఉంటే చాలు. 415, 410, 400 వోల్టుల సగటు 408.3, గరిష్ఠ విచలనం 8.3, అంటే సుమారు 2 శాతం. చూడటానికి స్వల్పమే. కాని ప్రవాహంలో అసమానత దానికి 6 నుండి 10 రెట్లు ఉండవచ్చు.

3. క్షణిక పతనం, క్లోరిన్:

గాలివానలో వోల్టేజి ఒక్క క్షణం పడిపోతే కాంటాక్టర్లు విడిపోతాయి. 'ఆటో'లో ఉన్న పంపు సరఫరా రాగానే తిరిగి నడుస్తుంది. పుష్ బటన్‌తో నడిచే క్లోరిన్ డోసింగ్ పంపు మళ్ళీ ఎవరైనా నొక్కేదాకా ఆగే ఉంటుంది. దీపాలు వెలుగుతున్నాయి, నీరు పారుతున్నది, మందు మాత్రం కలవడం లేదు. ఈ వ్యాసకర్త దృష్టిలో కాలిన మోటారు కంటె ఇదే ప్రమాదకరం. కాలిన మోటారును అందరూ చూస్తారు, దీనిని ఎవరూ చూడరు. డోసింగ్ నడవనిదే ప్రధాన పంపు నడవకుండా ఇంటర్‌లాక్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

4. వరద తరువాత:

2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ ప్రాంతం మునిగింది. ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీట మునిగిన మోటారు, స్టార్టర్‌లకు నీరు తీసిన వెంటనే సరఫరా ఇవ్వడం ప్రాణాంతకం. మోటారును మంచినీటితో కడిగి, ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ నిరోధాన్ని కొలవాలి, ఎల్.టి. మోటారుకు 5 మెగ్ ఓమ్‌లు లేనిదే నడపరాదు. వేడి పెరిగేకొద్దీ ఈ విలువ తగ్గుతుంది గనుక కొలిచినప్పటి ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి. వేగ నియంత్రణ డ్రైవ్ ఉంటే మెగ్గర్ పెట్టే ముందు దానిని విడదీయాలి, లేకుంటే పరీక్షే దానిని చంపుతుంది. మునిగిన ఎం.సి.బి.లను, ఎలక్ట్రానిక్ కార్డులను ఆరబెట్టి వాడరాదు; మార్చవలసిందే.

పంపులు ఆగిన వేళ పైపులలో పీడనం పడిపోతుంది. ఇరుకు వీధులలో కాలువ పక్కనే సాగే పైపుకు సన్నని చీలిక ఉన్నా మురుగు లోనికి చేరుతుంది. కనుక విద్యుత్తు వచ్చాక తొలినీటిని బయటకు వదిలి, చివరి కుళాయి వద్ద అవశేష క్లోరిన్ లీటరుకు 0.2 మి.గ్రా.కు తగ్గలేదని చూసిన తరువాతనే లాగ్ బుక్‌లో 'సరఫరా పునరుద్ధరణ' అని రాయాలి.