మీకు తెలుసా? పాపికొండలను రోడ్డు మీద వెళ్లి చూడాలి

పాపికొండలు అనగానే మనకు లాంచీ గుర్తొస్తుంది. పొద్దున్నే ఎక్కడం, పైడెక్కు మీద పాటలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. ఆ యాత్ర బాగుంటుంది, కాదనను. కానీ నీళ్ల మీంచి కనబడేది కొండల అంచు మాత్రమే. ఆ అంచు వెనక ఉన్న అడవిని, ఊళ్లను, మనుషులను చూడాలంటే రోడ్డెక్కాలి. రాజమహేంద్రవరంలో బయల్దేరి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం చేరే దారి అది. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లలో కూడా ఆ దారిని ఆసాంతం చూసినవాళ్లు తక్కువే. వెళ్లాలనుకునేవాళ్ల కోసం, ముందే తెలిస్తే ప్రయాణం రుచే మారిపోయే సంగతులు కొన్ని చెబుతాను.

పాపికొండలు జాతీయ పార్కు అని మీకు తెలుసా?

1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం 1,012.86 చదరపు కిలోమీటర్లు. గోదావరికి రెండు ఒడ్డులా పరుచుకుని ఉంది. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణితి, కొండగొర్రె అన్నీ ఉన్న అడవి. అయితే కారు అద్దంలోంచి పులి కనిపిస్తుందని ఆశపడి వెళ్లకండి. మారేడుమిల్లి దాటాక ఎక్కడైనా బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, తలెత్తి కొమ్మల్లోకి చూడండి. ఓపిక ఉంటే బెట్టుడుత కనిపిస్తుంది. మన ఇళ్ల దగ్గర తిరిగే ఉడుతకు ఎన్నో రెట్లు పెద్దది. ముదురు ఎరుపు, నలుపు రంగులు కలిసిన ఒళ్లు, ఒంటి కంటే పొడుగు తోక. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుందే తప్ప నేల మీదకు దిగడం అరుదు. పాటలు గట్టిగా పెట్టుకుని వెళ్లేవాళ్లకు ఇది ఎప్పటికీ కనబడదు.

‘పుష్ప’ అడవిలో ఎర్రచందనం సహజంగా పెరగదని తెలుసా?

2021లో వచ్చిన ఆ సినిమాలో అడవి సన్నివేశాలు చాలావరకు మారేడుమిల్లిలోనే తీశారు. కథేమో శేషాచలం కొండలది. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండలు, వాటి చుట్టుపక్కల ఎండు అడవుల్లోనే. రాయలసీమ రాతి నేల, తక్కువ వాన దానికి కావాలి. మారేడుమిల్లి అందుకు పూర్తిగా భిన్నం: దట్టమైన పచ్చదనం, వెదురు పొదలు, వాగులు, కాఫీ, మిరియాల తోటలు. తూర్పు కనుమలన్నిటినీ ఒకే పేరుతో పిలిచినా దక్షిణం కొసకూ ఉత్తరం కొసకూ చెట్టూ నేలా మారిపోతాయి. సినిమా చూసి వచ్చినవాళ్లు ఈ తేడా గమనిస్తే, చూసిన అడవి ఏదో, కథలో అడవి ఏదో విడివిడిగా తెలుస్తాయి.

మన్యం తిరగబడటానికి ఒక కారణం రోడ్డేనని తెలుసా?

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. రంపచోడవరం దాటుతున్నప్పుడు పక్కన కూర్చున్న పిల్లలకు తప్పకుండా చెప్పండి.

రంప ప్రాంతం పంతొమ్మిదో శతాబ్దమంతా కుదురుగా లేదు. 1879 మార్చిలో రంపచోడవరం చుట్టుపక్కల మొదలైన పితూరీ పెద్దది. కొండల్లో కల్లు తాగడమంటే అన్నం తినడమంత మామూలు. ఆ కల్లు గీతను ప్రభుత్వం ఆబ్కారీ కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. దాని పైన రంప మున్సబుదారు, అంటే అక్కడి జమీందారు, కల్లు మీద పన్ను వేశాడు. తమ చెట్టు నుంచి తాము దించుకునే కల్లుకు పన్ను కట్టమనేసరికి జనం తిరగబడ్డారు. అణచడానికి మద్రాసు ప్రభుత్వం సైన్యాన్ని దింపాల్సి వచ్చింది.

తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టుకోవడానికి, అడవిలో పశువులు మేపుకోవడానికి అడ్డంకులు మొదలయ్యాయి. ఆ మీదట రోడ్ల పని. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లికి కొండల్లో రోడ్డు వేయించాడు. పనిచేసిన గిరిజనులకు ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. ఎదురు చెప్పినవాళ్లను కొట్టించాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం నిలబడటానికి ఈ రోడ్డు పని బాధ ఒక పెద్ద కారణం.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద రాజు దాడి చేశాడు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆ అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకూ వచ్చాడు. అప్పటికే పోలీసులు ఆయుధాలను అక్కణ్ణుంచి తరలించేశారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. వీలుంటే తిరుగు ప్రయాణంలో అటు వెళ్లి రండి.

మనం ఇవాళ హాయిగా కారులో వెళ్లే ఇలాంటి కొండ రోడ్లు ఎవరి వెన్ను విరిస్తే పడ్డాయో తెలిశాక, రోడ్డు పక్కన చీపుళ్లు అమ్మే మనిషితో అయిదు రూపాయల కోసం బేరమాడాలనిపించదు.

బొంగు చికెన్‌లో నూనె చుక్క పడదని తెలుసా?

మారేడుమిల్లిలో ఆగేవాళ్లలో పది మందికి తొమ్మిది మంది దీనికోసమే ఆగుతారు. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. పచ్చి బొంగులోని తేమే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. అందుకే ఎండిన బొంగు పనికిరాదు. ఒకసారి కాల్చిన బొంగును మళ్లీ వాడటం కుదరదు. ముందే కాల్చి పెట్టినది కాకుండా మీ ఎదుట బొంగులో కూరి కాల్చమని అడగండి. ముప్పావుగంటకు పైనే పడుతుంది. ఆ లోపల జలతరంగిణి జలపాతం చూసి రావచ్చు.

వెదురు గురించి ఇంకో మాట. శాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. చట్టం ప్రకారం మాత్రం 2017 దాకా చెట్టే! అటవీ చట్టంలో ‘చెట్టు’ నిర్వచనం నుంచి దాన్ని ఆ ఏడాదే తీసేశారు. అదీ అడవి బయట పెరిగే వెదురుకే వర్తిస్తుంది. చెట్టు అన్నన్నాళ్లూ పెరట్లో పెంచుకున్న బొంగు నరికి అమ్ముకోవాలన్నా అనుమతుల తిప్పలు తప్పేవి కావు. మరోపక్క ఇదే కొండల వెదురు దశాబ్దాలపాటు లారీల కొద్దీ పేపరు మిల్లులకు వెళ్లింది. మీ ప్రయాణం మొదట్లో రాజమహేంద్రవరంలో ఒక పేపరు మిల్లు, చివర్లో భద్రాచలానికి గోదావరి అవతల సారపాకలో ఒకటి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఈ అడవి.

గెల వేసి ప్రాణం వదిలే చెట్టును చూశారా?

దారి పొడవునా చేప తోకలాంటి ఆకులతో ఒక తాటిజాతి చెట్టు కనిపిస్తుంది. అది జీలుగు. ఏళ్లతరబడి పెరిగాక ఒకసారి పూత మొదలుపెడుతుంది. మొదటి గెల తలభాగంలో వేస్తుంది, తర్వాతది దానికి కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా గెలలు దిగుతూ వచ్చి, ఆఖరి గెల అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. కొండరెడ్లకు ఈ చెట్టు కల్లునిస్తుంది. గింజలు దొరకని రోజుల్లో దాని దవ్వను దంచి పిండి చేసుకుని బతికిన తరాలున్నాయి. మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, చేదు పోగొట్టి అంబలి కాచుకోవడం కూడా ఆ కోవలోదే. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో చేర్చింది. అడవిలో ఏ నెలలో ఏం దొరుకుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

సంత రోజున ఈ దారిలో పడితే అదృష్టమే. చింతపండు, కుంకుళ్లు, కరక్కాయలు, అడ్డాకులు, కొండచీపుళ్లు, తేనె. తేనె అసలుదో కాదో అనుమానముంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. 1956 నుంచి అటవీ ఉత్పత్తులను గిరిజనుల దగ్గర కొని అమ్ముతున్న ప్రభుత్వ సంస్థ అది.

ఇక్కడ మీరు సెంటు భూమి కొనలేరని తెలుసా?

మంచు పట్టిన కొండను చూడగానే ఇక్కడో ఇల్లు కట్టుకుంటే అనిపించడం సహజం. గిరిజనేతరులకు అది కుదరదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదని 1959 నాటి నిబంధన చెబుతుంది. దాన్ని 1970లో మరింత బిగించారు. జనం నోట్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అదే. ఈ కొండలు ఇంకా ఇలా పచ్చగా, ఇక్కడివాళ్ల చేతిలో ఉన్నాయంటే ఆ చట్టం చలవ చాలా ఉంది. బస కోసం మారేడుమిల్లిలో అటవీశాఖ, స్థానిక వన సంరక్షణ సమితి కలిసి నడిపే వనవిహారి లాంటివి చూసుకోండి. మీ డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

కదలకుండా పదేపదే జిల్లా మారిన ఊరు చింతూరు

1959 దాకా తూర్పు గోదావరి. ఆ ఏడాది భద్రాచలం డివిజనుతోపాటు ఖమ్మం జిల్లాకు వెళ్లింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలతో కలిసి మళ్లీ తూర్పు గోదావరికి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది.

చింతూరు నాలుగు దారుల కూడలి. ఒకటి మారేడుమిల్లికి, ఒకటి భద్రాచలానికి, ఒకటి శబరి అవతల ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు, ఒకటి ఒడిశాలోని మోటుకు. నదులకూ ఇక్కడ పేర్లు మారతాయి. ఒడిశాలో కొలాబ్ అనేది మన దగ్గర శబరి. మాచ్‌ఖండ్ అనేది కిందికి వచ్చి సీలేరు. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. మోతుగూడెం పక్కకు మళ్లితే దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం వస్తుంది. సామర్థ్యం 460 మెగావాట్లు. పక్కనున్న కొండ మీది గూడేల్లో చాలా ఏళ్లు కిరసనాయిలు బుడ్లే వెలిగాయన్నది మరిచిపోలేని విషయం.

యుద్ధం వల్ల పుట్టిన పుస్తకం

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను శత్రుదేశీయుడిగా లెక్కగట్టి, నిజాం రాజ్యం దాటి వెళ్లవద్దని కట్టడి చేసింది. అప్పట్లో పాపికొండల దగ్గర గోదావరి పడమటి ఒడ్డు నిజాముది, తూర్పు ఒడ్డు మద్రాసుది. ఆయన పడమటి ఒడ్డు కొండరెడ్ల మధ్య 1941లో ఉండి చేసిన అధ్యయనం 1945లో ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’గా వచ్చింది. కలప కంట్రాక్టర్లు ఆ మనుషుల బతుకును ఎలా మార్చేశారో అందులో వివరంగా రాశారు. లాంచీలు ఆగే పేరంటాలపల్లి ఆ ఒడ్డునే ఉంది. అక్కడి మునివాటం ఆశ్రమానికి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న కొండరెడ్ల ఇళ్లనూ, వాళ్లు వెదురుతో చేసే వస్తువులనూ చూడండి.

‘అందాల రాముడు’ ప్రయాణం ఇప్పుడు చేయలేం

1973లో బాపు తీసిన ఆ సినిమాలో లాంచీ గోదావరి మీద భద్రాచలానికి సాగుతుంది. 2006లో వచ్చిన ‘గోదావరి’లోనూ అదే దారి. ఇప్పుడు పోలవరం దగ్గర నదికి అడ్డంగా కట్టలు లేచాయి. రాజమహేంద్రవరం రేవులో ఎక్కి ఆ దారిన వెళ్లడం ఇక కుదరదు. దేవీపట్నం వైపు గండి పోచమ్మ గుడి దగ్గర, భద్రాచలం వైపు పోచవరం దగ్గర లాంచీ ఎక్కాలి. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ గీత కిందకు వచ్చే ఊళ్లు చాలావరకు ఖాళీ అయ్యాయి, అవుతున్నాయి. నది ఇంకా నదిలా ఉండగానే ఒకసారి చూడమని నేను అందరికీ చెబుతుంటాను.

ఒక్క జాగ్రత్త. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద ఉధృతిలో పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. కొండల మధ్య గోదావరి ఇరుకవుతుంది, సుడులు తిరుగుతుంది. వరద ఉన్నప్పుడు అనుమతి ఇవ్వరు. ఇచ్చే దారి ఉందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. లైఫ్‌జాకెట్ ఫొటో అయ్యాక విప్పేయకండి.

రోడ్డు ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఘాట్ పగలే దాటండి, వానల్లో చరియలు విరిగిపడతాయి. రంపచోడవరంలో ట్యాంకు నింపుకోండి. కొండల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి దారి ముందే చూసి పెట్టుకోండి. మన్యంలో మలేరియా ఉంది, దోమల నుంచి కాపాడుకునే ఏర్పాటు మరవద్దు. దారిలో సోకులేరు వాగు దగ్గర తప్పకుండా ఆగండి. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, సంచులు మళ్లీ మీ బండిలోనే కిందికి తీసుకెళ్లండి.