తిమ్మిరి ఇంజెక్షన్ పడదా? రక్తపరీక్ష తేల్చదు

పన్ను తీయాలన్నా, గాయానికి కుట్లు వేయాలన్నా లిగ్నోకెయిన్ లాంటి తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. ఒక్కసారి ఇబ్బంది పడితే చాలు, ‘నాకు మత్తు పడదు’ అన్న ముద్ర జీవితాంతం ఉండిపోతుంది. దాని నిజానిజాలు తేల్చుకోకపోతే నష్టపోయేది రోగే. నొప్పికి భయపడి చికిత్స వాయిదా వేస్తారు, లేదంటే చిన్న పనికీ పూర్తి మత్తు తీసుకోవాల్సి వస్తుంది.

అపోహ: రక్తపరీక్ష చేయిస్తే ఎలర్జీ సంగతి తెలిసిపోతుంది.
వాస్తవం: ఈ మందుల ఎలర్జీని నమ్మకంగా నిర్ధారించే రక్తపరీక్ష లేదు. రక్తంలో మొత్తం ఐజీఈ (ఎలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) ఎక్కువగా ఉన్నంత మాత్రాన లిగ్నోకెయిన్ పడదని కాదు. తీవ్రమైన రియాక్షన్ వచ్చిన కొద్ది గంటల్లో రక్తం తీసి చేసే ట్రిప్టేజ్ పరీక్ష కొంత సాయపడుతుంది. అయితే ఏ మందు వల్ల వచ్చిందో అదీ చెప్పదు.

అపోహ: ఇంజెక్షన్‌కు కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా ఎలర్జీయే.
వాస్తవం: భయంతో బీపీ పడిపోయి కళ్లు తిరగడం చాలామందిలో జరిగేదే. మందులో కలిపే అడ్రినలిన్ వల్ల దడ వస్తుంది. మందు రక్తనాళంలోకి వెళ్లినా, మోతాదు మించినా ఇబ్బందులు వస్తాయి. నిజమైన ఎలర్జీ చాలా అరుదు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, గొంతు వాపు, ఆయాసం ఉంటే మాత్రం దాన్ని అనుమానించాలి, వెంటనే అత్యవసర చికిత్స అందించాలి.

అపోహ: ఒకటి పడకపోతే ఇక ఏదీ పడదు.
వాస్తవం: తిమ్మిరి మందుల్లో ప్రొకెయిన్ లాంటి ఎస్టర్లు, లిగ్నోకెయిన్, బుపివకెయిన్ లాంటి అమైడ్లు అని రెండు వర్గాలున్నాయి. ఎస్టర్ పడనివారికి సాధారణంగా అమైడ్ ఇవ్వవచ్చు. ఒక్కోసారి సమస్య అసలు మందుతో కాక, అందులోని మిథైల్‌పారాబెన్ లాంటి నిల్వ పదార్థంతోనో, డాక్టరు వేసుకున్న లేటెక్స్ గ్లవ్స్‌తోనో రావచ్చు.

అపోహ: అందరికీ ముందు టెస్ట్ డోస్ వేయాల్సిందే.
వాస్తవం: గతంలో ఏ రియాక్షనూ లేనివారికి ఎలర్జీ కోసం చర్మపరీక్ష అక్కర్లేదు. అనుమానం ఉన్నవారిని ఎలర్జీ నిపుణుడు చూడాలి. ముందు చర్మపరీక్ష చేసి, తర్వాత చర్మం కింద కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చి గమనిస్తారు. ఏమీ కాకపోతే ఆ మందు వాడుకోవచ్చు. అత్యవసర చికిత్సకు అన్నీ సిద్ధంగా ఉన్నచోటే ఇది చేయించుకోవాలి.

రియాక్షన్ వచ్చి ఉంటే, ఇచ్చిన మందు పేరు, అందులో అడ్రినలిన్ ఉందా, ఎన్ని నిమిషాలకు ఏ లక్షణం కనిపించింది, దేనితో తగ్గింది అన్నవి డాక్టరు చేత రాయించుకోండి. ఏ మందుతో పరీక్ష మొదలుపెట్టాలో నిపుణుడు నిర్ణయించేది ఆ వివరాలను బట్టే.