బ్యాట్‌మ్యాన్‌కు రెండో పుట్టుక
1997లో జోయెల్ షూమాకర్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ను విమర్శకులు ఏకిపారేశారు. కళ్లు చెదిరే రంగు దీపాలు, అతకని జోకులు, బొమ్మల దుకాణాన్ని తలపించే సెట్ల మధ్య జార్జ్ క్లూనీ అంతటి నటుడూ తేలిపోయాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బ్యాట్‌మ్యాన్ చిత్రమేదీ థియేటర్లకు రాలేదు.

2005లో క్రిస్టఫర్ నోలన్ ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’తో కథను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. బావిలో పడిన పిల్లవాడికి గబ్బిలాలంటే పట్టుకున్న భయం, కళ్లెదుటే తల్లిదండ్రుల హత్య, మంచుకొండల్లో శిక్షణ అన్నీ అయ్యాక, దాదాపు గంట గడిచాకే క్రిస్టియన్ బేల్ ముసుగు తొడుగుతాడు. సూపర్‌హీరో సినిమాల్లో ఇంత ఓపిక అరుదు. టంబ్లర్ అనే కారును కూడా గ్రాఫిక్స్‌కు వదిలేయకుండా నిజంగా రోడ్డుపై పరుగెత్తేలా తయారుచేశారు. పోరాట దృశ్యాలు మాత్రం గజిబిజిగానే ఉంటాయి. దీని కొనసాగింపుగా 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’ ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.