హోటల్లో హలాల్ చూస్తున్నాం... మరి తయ్యిబ్?

శుక్రవారం జుమా నమాజు తర్వాతో, ఆదివారం సాయంత్రమో కుటుంబమంతా కలిసి హోటలుకు వెళ్లడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఒకప్పుడు ప్రయాణాల్లోనూ, ఆస్పత్రి పనుల మీద పట్నం వెళ్లినప్పుడూ తప్ప బయట తినేవాళ్లం కాదు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో వారానికి రెండు మూడు పూటలు బయటి తిండే. దీన్ని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. తాతయ్య నుంచి మనవడి దాకా ఒకేచోట కూర్చుని తినడం మంచిదే. అయితే ఆ తిండి ఒంటికి పట్టేదై ఉండాలి.

హోటలు గుమ్మంలో మనం అడిగే మొదటి ప్రశ్న ‘హలాలేనా?’ అని. అడగాల్సిందే. కాని చాలామంది అక్కడితో ఆగిపోతారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ బఖరా సూరాలో (2:168) ఆహారం గురించి చెప్పినచోట హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అన్న మాట కూడా ఉంది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మంచిది. ధర్మబద్ధంగా జబహ్ చేసిన కోడినే నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, నల్లబడిన నూనెలో వేయించి, రంగు పూసి వడ్డిస్తే దాన్ని తయ్యిబ్ అనగలమా? హలాల్ బోర్డు గోడ మీద కనిపిస్తుంది. తయ్యిబ్ సంగతి మాత్రం మన కళ్లతో, ముక్కుతో మనమే తేల్చుకోవాలి.

యునాని ఏమంటుంది?

యునాని వైద్యంలో ఆరోగ్యానికి ఆరు ఆధారాలు చెప్పారు. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానీయాలు, శరీర శ్రమ-విశ్రాంతి, మనసు శ్రమ-విశ్రాంతి, నిద్ర-మెలకువ, శరీరంలో నిలవాల్సినవి నిలవడం-పోవాల్సినవి పోవడం. తిన్న ఆహారం మొదట కడుపులో, తర్వాత కాలేయంలో పచనమై దమ్ (రక్తం), బల్గం (కఫం), సఫ్రా (పసుపు పైత్యం), సౌదా (నల్ల పైత్యం) అనే నాలుగు అఖ్లాత్‌గా మారుతుందని మన శాస్త్రం చెబుతుంది. ఆహారం తాజాదైతే ఇవి సమంగా ఉంటాయి. నిల్వ తిండి అయితే చెడతాయి. ముందు తిన్నది అరగకుండానే మళ్లీ తినడం, ఒకే పూట రకరకాల వంటకాలు కలిపి తినడం మంచిది కాదని ఇబ్నె సీనా (980-1037) తన అల్ ఖానూన్‌లో హెచ్చరించారు. నేటి బఫే భోజనాల్లో ఈ రెండూ జరుగుతున్నాయి.

కూర్చునే ముందు ఐదు నిమిషాలు

బల్ల దగ్గర కూర్చోకముందే ఈ విషయాలు గమనించండి.

జనం వస్తూ పోతూ ఉన్నారా? జనం ఎక్కువగా ఉన్నచోట వండింది వండినట్టు అయిపోతుంది. బెంగళూరులో 1983లో జయనగర్‌లో మొదలై ఊరంతా పాకిన దర్శినీలనే చూడండి. నిలబడి తినే ఏర్పాటు, కళ్లెదుటే వంట, నిమిషాల్లో ఖాళీ అయ్యే ఇడ్లీ పళ్లేలు. హంగులు లేకపోయినా అక్కడ దొరికేది వేడి వేడి తిండి. ఏసీ గది, అద్దాల తలుపులు ఉండి మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా సగం ఖాళీగా ఉన్న హోటల్లో పొడవాటి మెనూ కనబడితే అనుమానించండి. వంద రకాల వంటకాలు ఏ పూటకాపూట చేయడం చిన్న హోటలుకు సాధ్యం కాదు.

నూనె వాసన ఎలా ఉంది? మళ్లీ మళ్లీ కాగిన నూనె నల్లగా, జిగటగా ఉంటుంది. త్వరగా పొగ వస్తుంది, నురగ కడుతుంది. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె ఇక వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. మనం దాన్ని కొలవలేం గాని, గుమ్మంలోనే గొంతు గరగరలాడితే వెనక్కి తిరగవచ్చు.

బిల్లు మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు ఉందా? 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి చేశారు. నంబరు ఉన్నంత మాత్రాన తిండి మంచిదని కాదు. కాని ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం.

చివరిది, చేతులు కడిగే చోటు. కస్టమరుకు కనిపించే చోటే మురికిగా ఉంటే, కనిపించని వంటగది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

‘ఆరోగ్య ఆహారం’, ‘చిరుధాన్యాల వంటలు’ అన్న బోర్డులు చూసి మోసపోకండి. రాగిపిండితో చేసినా నూనెలో వేయిస్తే అది వేపుడే. ఉదయం కోసిన కూరగాయ ముక్కలను సాయంత్రం సలాడ్ పేరుతో పెడితే పేరు మారుతుంది గాని వయసు తగ్గదు.

ఏవి జాగ్రత్తగా చూడాలి?

అన్నం సంగతి చాలామందికి తెలియదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం పుట్టిస్తుంది. తిరిగి వేడిచేసినా ఆ విషం పోదు. సాధారణంగా 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న తిండిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. అందుకే బిర్యానీ తినేటప్పుడు ‘ఇది ఏ పూట దమ్?’ అని అడగండి. మధ్యాహ్నం మూత తీసిన హండీ అడుగున మిగిలినదాన్ని రాత్రి పది గంటలకు తినడం కంటే, అదే హోటల్లో వేడి రొట్టె, పప్పు తినడం మేలు.

పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ మరో ప్రమాదం. ఇందులో సాల్మొనెల్లా చేరితే ప్రాణం మీదికి రావచ్చు. హైదరాబాదులో మోమోలు తిని ఒక మహిళ మరణించి, పలువురు అస్వస్థులైన తర్వాత 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ఏడాది నిషేధం విధించింది. తమిళనాడులోనే నామక్కల్‌లో 2023 సెప్టెంబరులో షవర్మా తిన్న 14 ఏళ్ల బాలిక చనిపోయింది. మాంసం లోపలిదాకా ఉడకకపోవడం, కోసిన ముక్కలు బయట గంటలకొద్దీ ఉండడం షవర్మాలో తరచు జరిగే లోపాలు. పిల్లలు మారాం చేస్తే ఎదుటే కాల్చి ఇచ్చే సీఖ్ కబాబు కొనిపెట్టండి.

రంగు చూసి మురిసిపోవద్దు. బట్టలకు అద్దే రోడమిన్-బి అనే రంగు దొరకడంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచు మిఠాయిని నిషేధించాయి. యానాం కూడా పుదుచ్చేరి పాలనలోదే కదా. మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియా, పీచు మిఠాయిలలోనూ, జూన్‌లో కబాబులలోనూ కృత్రిమ రంగులు వాడకూడదని ఆదేశించింది. మిరపపొడి, పసుపు వేసిన కబాబు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. రక్తంలా ఎర్రగా మెరవదు.

ఇడ్లీ అన్నా ఒక కన్నేసి ఉంచాలి. తడిగుడ్డకు బదులు ప్లాస్టిక్ కాగితం వేసి ఆవిరి పడుతున్నారని తేలడంతో 2025 ఫిబ్రవరిలో కర్ణాటక దాన్ని నిషేధించింది. కొబ్బరి చట్నీ తొందరగా పులుస్తుంది. పొద్దెక్కాక వెళితే చట్నీ మాని వేడి సాంబారు పోయించుకోండి.

మన ఊళ్లలో మంచి పళ్లెం

మంచి తిండి కోసం ఖరీదైన చోటికే వెళ్లనక్కరలేదు. ఏ ఊరి తిండి ఆ ఊరిలో తాజాగా, చవకగా దొరుకుతుంది. బెంగళూరు, బళ్లారిలో ఉన్నవారికి ఇడ్లీ, రాగి ముద్ద-సొప్పు సారు. తమిళనాడులో ఇడియాప్పం, మిరియాల రసం. ఆంబూరు, వాణియంబాడి బిర్యానీ తినాలనుకుంటే మధ్యాహ్నం వేళే వెళ్లి, పక్కన పెట్టే వంకాయ కూర మితంగా, ఉల్లి పెరుగుపచ్చడి తాజాగా ఉందో లేదో చూసి తినండి. బరంపురం, రాయగడ వైపు పప్పులో కూరగాయలు వేసి వండే దాల్మా కడుపుకు తేలిక. సోలాపూరులో జొన్న భాక్రీ, పిఠ్లా ఒంటికి బలం. యానాంలో గోదావరి చేప పులుసు వేపుడు కంటే వెయ్యిరెట్లు నయం. చేప తిన్న పూట పాలు, పెరుగు కలపవద్దని యునాని పెద్దల మాట.

నిహారీ సంగతి కూడా చెప్పాలి. నహార్ అంటే పగలు. రాత్రంతా సన్నసెగన ఉడికిన మాంసాన్ని ఉదయం తిని, రోజంతా కష్టపడి అరిగించుకునేవారు. ఇప్పుడు రాత్రి పదకొండుకు నిహారీ, నాన్ తిని నేరుగా పడుకుంటున్నాం. వంటకం అదే. వేళ మారడంతో మందు లాంటిది భారమైపోయింది.

మీ మిజాజ్ ప్రకారం ఎంచుకోండి

ఒకే బల్ల మీద కూర్చున్నా అందరూ ఒకే వంటకం తినాలని లేదు. సఫ్రావీ మిజాజ్ (వేడి, పొడి) వారికి త్వరగా కోపం, కడుపులో మంట వస్తాయి. వీరు వేపుళ్లు, ఊరగాయ తగ్గించి పెరుగన్నం, మజ్జిగ, కీరదోస తీసుకోవాలి. బల్గమీ మిజాజ్ (చల్లదనం, తేమ) వారికి బద్ధకం, జలుబు, బరువు పెరగడం ఉంటాయి. వీరికి మిరియాల రసం, జొన్నరొట్టె, కాల్చిన మాంసం మంచివి. రాత్రిపూట పెరుగు, ఐస్‌క్రీము వద్దు. సౌదావీ మిజాజ్ (చల్లదనం, పొడి) వారు వంకాయ, మసూర్ పప్పు, ఎండుమాంసం మాని వేడి షోర్బా, మెత్తని కిచిడీ తినాలి. దమవీ మిజాజ్ (వేడి, తేమ) వారు మాంసం తగ్గించి కూరగాయలు, దానిమ్మ ఎక్కువ తీసుకోవాలి.

అందరికీ వర్తించే మాట ఒకటుంది. ‘ఆకలి రుచెరుగదు’ అంటారు. ఆకలి వేసినప్పుడే వెళ్లండి, ఇంకా కాస్త ఆకలి ఉండగానే లేవండి. కడుపులో మూడోవంతు తిండికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు ఉంచాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధ హోటలు బల్ల దగ్గర కూడా వర్తిస్తుంది. నాలుగు ప్లేట్లు తెప్పించి మిగల్చడం కంటే, రెండు తెప్పించి చాలకపోతే మూడోది అడగండి. భోజనం మధ్యలో ఐసునీళ్లు తాగవద్దు. ఇంటికి నడిచి వెళ్లే దూరమైతే నడిచే వెళ్లండి.

షుగర్, బీపీ ఉన్నవారు

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వేళ తప్పకుండా ఉండేలా భోజనం వేళ పెట్టుకోండి. ఇన్సులిన్ వేసుకుని హోటల్లో గంటసేపు ఎదురుచూడడం ప్రమాదం. ముందు కూరగాయలు, పప్పు, మాంసం తిని, అన్నం చివర కొద్దిగా తినండి. పండ్లరసం కంటే పండు మేలు. ఖుబానీ కా మీఠా పది మంది పంచుకుంటే ఒక చెంచా చాలు. బీపీ ఉన్నవారు ఊరగాయ, అప్పడం, సీసా సాసులు ముట్టవద్దు. గర్భిణులకు సగం ఉడికిన గుడ్డు, మాంసం పెట్టవద్దు.

కడుపు చెడితే

తిన్నాక ఉబ్బరంగా ఉంటే సోంపు నమలండి, లేదా అర్ఖె బాదియాన్ తాగండి. జీలకర్ర ప్రధానంగా ఉండే జవారిషె కమూనీ కూడా పనిచేస్తుంది. అందులో తీపి ఉంటుంది కనుక షుగర్ ఉన్నవారు హకీమును అడగకుండా వాడవద్దు. వాంతులు, విరేచనాలు మొదలైతే ఈ మందులతో సరిపెట్టవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసినంత కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం, గట్టి జ్వరం, ఆగని వాంతులు, పసిపిల్లలకు మూత్రం తగ్గడం, మత్తుగా పడుకోవడం కనిపిస్తే ఇంట్లో వైద్యం మాని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెంట ఎవరెవరు ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు చెప్పండి. బిల్లు పారేయకండి.

ఈసారి హోటలుకు వెళ్లినప్పుడు హలాలేనా అని అడిగిన నోటితోనే ‘ఇది ఎప్పుడు వండారు? నూనె ఎప్పుడు మార్చారు?’ అని కూడా అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. నిజాయితీగా వండేవాడు గర్వంగా వంటగది చూపిస్తాడు. తడబడేవాడి దగ్గర మీ పిల్లలకు తిండి పెట్టించకండి. పదిమంది అడగడం మొదలుపెడితే వీధిలోని హోటళ్లన్నీ మారతాయి. అల్లాహ్ మనందరికీ హలాల్, తయ్యిబ్ ఆహారాన్నీ, దాన్ని అరిగించుకునే ఆరోగ్యాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.