చవక పార్సిలుకు జవాబుదారు ఎవరు?

నెమలి గ్రామంలో వేణుగోపాలస్వామి తిరునాళ్లలో బొమ్మల కొట్టు ముందు నిలబడి బేరమాడే తల్లికి ఒక ధీమా ఉంటుంది. కొన్న బొమ్మ సాయంత్రానికే విరిగిపోతే మళ్లీ వెళ్లి అడగొచ్చు. కొట్టాయన మార్చి ఇస్తాడో, కసురుకుంటాడో తర్వాతి సంగతి, అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఆ బొమ్మనే ఆమె కొడుకు ఫోన్లో పరదేశపు అమ్మకందారు దగ్గర సగం ధరకు కొన్నాడనుకోండి, ఆ మనిషి ఉండడు. తగ్గిన సగం ధరలో అతని ఖర్చు కూడా ఉంది. విదేశీ చవక సరుకు గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే లెక్క ఇదే.

ముందు, అంత తక్కువ ధర ఎలా కుదిరిందో చూద్దాం. చైనాలోని యివూ పట్నంలో పిన్నీసు నుంచి ప్లాస్టిక్ పూల దాకా ప్రపంచంలోకెల్లా పెద్ద చిన్నసరుకుల బజారు ఉంది. షెన్‌జెన్‌లోని హువాచియాంగ్‌బెయి ఎలక్ట్రానిక్ విడిభాగాలకు అలాంటి చోటు. అలీబాబా సంస్థ 2010లో అలీఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టాక ఈ బజార్లలోని చిన్న వ్యాపారి కూడా నేరుగా వేరే దేశంలోని కొనుగోలుదారుకు ఒక్క వస్తువైనా అమ్మగలిగాడు. మధ్యలో దిగుమతిదారు లేడు, టోకు వ్యాపారి లేడు, కొట్టు అద్దె లేదు. ఆ మాటకొస్తే మన దగ్గర ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల కోసం వాడే వైఫై బోర్డుల్లోని ఈఎస్‌పీ8266 చిప్పు కూడా షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ తయారుచేసిందే. ఆ చిప్పు 2014లో బయటికొచ్చాక, అంతకుముందు ల్యాబులో మాత్రమే చూసిన పనిని ఒక పల్లెటూరి కుర్రాడు తన మంచం మీద కూర్చుని చేయగలిగాడు. చవక సరుకు అనగానే చీదరించుకునేవాళ్లు ఈ మేలును మరిచిపోకూడదు.

తయారీ చవకైతే సరే, మరి రవాణా సంగతి? పక్క జిల్లాకు కొరియర్ పంపాలన్నా చేతి చమురు వదిలే రోజుల్లో, వేల కిలోమీటర్ల అవతలి నుంచి 'ఫ్రీ షిప్పింగ్' ఎలా వచ్చింది? దీని మూలం తపాలా ఒప్పందాల్లో ఉంది. దేశాల మధ్య ఉత్తరాలు సాఫీగా నడవడానికి 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఒక ఒడంబడిక కుదిరింది. ప్రపంచ తపాలా సంఘం దాన్నుంచి పుట్టింది. భారతదేశం 1876 జులై 1న అందులో చేరింది. పంపిన దేశం స్టాంపుల డబ్బు తన దగ్గరే ఉంచుకోవాలి, అందుకున్న దేశం ఊరికే బట్వాడా చేయాలి అన్నది మొదటి ఏర్పాటు. ఉత్తరం వెళ్తే జవాబు వస్తుంది గనక చెల్లుకు చెల్లు అనుకున్నారు. ఒక దేశం పంపేది ఎక్కువై, అందుకునేది తక్కువైతే ఆ లెక్క కుదరదు కదా. అందుకే 1969 టోక్యో మహాసభలో, బట్వాడా చేసే దేశానికి పంపే దేశం కొంత సొమ్ము చెల్లించాలని తీర్మానించారు. దీన్నే టెర్మినల్ డ్యూస్ అంటారు. పేద దేశాలకు ఆ రేట్లు తక్కువగా పెట్టారు. ఉద్దేశం మంచిదే. అయితే ప్రపంచానికే కార్ఖానాగా మారిన తర్వాత కూడా చైనా చాలాకాలం తక్కువ రేట్ల వర్గంలోనే ఉండిపోయింది. రెండు కిలోల లోపు చిన్న పొట్లం షెన్‌జెన్ నుంచి అమెరికా పట్నానికి పంపడం, అమెరికాలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపడంకన్నా చవకైంది. అక్కడి వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 2018 అక్టోబరులో అమెరికా ఏకంగా తపాలా సంఘం నుంచి తప్పుకుంటానని నోటీసు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో అత్యవసర మహాసభ జరిగి, బట్వాడా రేట్లను దేశాలు తామే ప్రకటించుకునే వీలు కల్పించాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

అంటే మనం 'ఉచితం' అనుకున్న రవాణాకు ఎవరో ఒకరు డబ్బు కడుతూనే వచ్చారు. చాలావరకు అది అందుకునే దేశపు తపాలా వ్యవస్థే.

మన దేశంలో ఇంకో సందు కూడా ఉండేది. విదేశం నుంచి వచ్చిన పొట్లం మీద పచ్చరంగు చీటీ ఒకటి అంటించి ఉంటుంది, చూసే ఉంటారు. దాని పేరు సీఎన్ 22. లోపల ఏముంది, బరువెంత, విలువెంత అన్నది దాని మీద రాయాలి. పైభాగంలో చిన్న చిన్న గడులుంటాయి: బహుమతి, పత్రాలు, వ్యాపార నమూనా, అమ్మకపు సరుకు. వీటిలో ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి. 2019 నాటికి మన నిబంధనల ప్రకారం ఐదువేల రూపాయల లోపు నిజమైన బహుమతికి సుంకం లేదు. గల్ఫ్‌లో ఉన్న అన్న చెల్లెలికి పంపే చీరలాంటి వాటికోసం ఇచ్చిన మినహాయింపు అది. చైనా అమ్మకపు వేదికల సరుకు అదే గడిలో టిక్కుతో కుప్పలుతెప్పలుగా దిగింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు కాగితం మీద కానుక అయిపోయింది. సుంకం కట్టి అమ్మే మన దుకాణదారు ఆ ధరతో పోటీపడడం అసాధ్యం. పంపినవాడు రాసిన అబద్ధంతో తనకు తెలియకుండానే లాభపడినవాడు మాత్రం కొన్నవాడు.

2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ సందు మూసేసింది. రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప బహుమతి పేరిట తపాలాలో, కొరియర్‌లో వచ్చే సరుకుకు ఉచిత ప్రవేశం లేదంది. ఆ తర్వాత ఏడాది జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. మన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు అందులో వీరమరణం పొందారు. ఆ నెల 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్‌తో పాటు షీఇన్, క్లబ్ ఫ్యాక్టరీ ఆ జాబితాలో ఉన్నాయి. నవంబరు 24న మరో 43 యాప్‌లు పోయాయి, అలీఎక్స్‌ప్రెస్ వాటిలో ఒకటి.

చైనా సరుకు ఆగిపోయిందా? లేదు. అది వచ్చే దారి మారింది. ఇప్పుడు ఎక్కువ భాగం ఓడల మీద కంటైనర్లలో, ఇక్కడి దిగుమతిదారుల పేరుతో, సుంకం కట్టి వస్తోంది. మన ఫోన్లోని దేశీయ యాప్‌లలో, ఊళ్లలోని చైనా బజార్లలో అమ్ముడయ్యేది అదే. ఈ మార్పులో ఒక మంచి ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం దిగుమతి సరుకు డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, గరిష్ఠ ధర ఎంత, ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి అన్నవి ముద్రించాలి. మనకు కావలసిన మనిషి ఆ చిన్న అక్షరాల్లో ఉన్నాడు. డబ్బా మీద ఆ వివరాలేమీ లేకపోతే ఆ వస్తువును నేను కొనను, ఇంకొకరిని కొననివ్వను. ముఖ్యంగా ఫోన్ చార్జర్లు, పవర్‌బ్యాంకులు. వీటికి మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు వాటి మీద ఉండాలి. రాత్రంతా మంచం పక్కన ప్లగ్గులో ఉండే వస్తువు దగ్గర వంద రూపాయల ఆదా చూసుకోవడం నాకు అర్థంకాదు. పిల్లల బొమ్మలకు కూడా 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు ఉండాలి. మన కొండపల్లి బొమ్మలాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మాత్రం దాన్నుంచి మినహాయింపు ఇచ్చారు.

ఇక నేరుగా విదేశం నుంచి తెప్పించుకోవడం నేరమేమీ కాదు. సొంత వాడకానికైతే దిగుమతి లైసెన్సు అక్కర్లేదు. కాకపోతే తెర మీద కనిపించే ధర అసలు ధర కాదు. వస్తువు విలువకు రవాణా, బీమా కలిపి దాని మీద కస్టమ్స్ సుంకం, ఆ సుంకం మీద సర్‌చార్జి, ఇదంతా కలిపాక దాని మీద ఐజీఎస్టీ వేస్తారు. పన్ను మీద పన్ను. రేట్లు బడ్జెట్‌ను బట్టి మారుతుంటాయి గనక కొనే ముందు చూసుకోవాలి. కొన్ని పెద్ద వెబ్‌సైట్లు దీన్ని ముందే లెక్కగట్టి కట్టించుకుంటాయి. తపాలాలో వస్తే చెన్నైలాంటి నగరాల్లోని విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ వాళ్లు చూసి సుంకం వేస్తారు, ఆ సొమ్ము పోస్టుమన్ తీసుకుని పొట్లం చేతికిస్తాడు.

కొన్ని వస్తువులు ఎంత కట్టినా రావు. తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పొలంలో మందు కొట్టడానికి చవకగా తెప్పించుకుందామనుకునే రైతు ఇది తెలుసుకోవాలి. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషిద్ధం.

విత్తనాల విషయంలో మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలనిపిస్తోంది. నీలం గులాబీ విత్తనాలు, ఏడు రంగుల మిరప విత్తనాలు అంటూ నెట్‌లో చవకగా దొరుకుతుంటాయి. మొలిచినా మొలవకపోయినా పోయేది కొద్ది డబ్బే కదా అనుకుంటాం. 2020లో అడగని విత్తనాల పొట్లాలు అనేక దేశాల్లో జనం ఇళ్లకు తపాలాలో వచ్చాయి. ఆ ఆగస్టులో మన వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను అప్రమత్తం చేసింది. విత్తనం దిగుమతికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఈ కాగితాలు ఎందుకో తిరువూరు, గంపలగూడెం వైపు మిరప రైతుకు చెప్పనక్కర్లేదు. 2021-22లో నల్ల తామరపురుగు తోటలను ఎలా ఊడ్చిపెట్టిందో వాళ్లు కళ్లారా చూశారు. పూల మీద గుంపులుగా చేరి కాయ పడనివ్వని ఆ పురుగు ఆగ్నేయాసియాది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద తొలిసారి గుర్తించారు. ఆరేళ్లకల్లా గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిరపను పట్టింది. అది ఏ దారిన వచ్చినా, ఒకసారి వచ్చాక తిప్పి పంపడానికి రిటర్న్ బటన్ లేదు.

డబ్బు చెల్లించే దగ్గర ఇంకో తేడా ఉంది. మన దేశంలో కార్డు వాడితే ఓటీపీ వస్తుంది. విదేశీ వెబ్‌సైట్లలో చాలావాటికి అది లేదు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు, సొమ్ము పోతుంది. అందుకే 2020 నుంచి కొత్త కార్డులు దేశంలోపలి వాడకానికే పనిచేసేలా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. విదేశీ చెల్లింపు కావాలంటే బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. కొన్నాక మళ్లీ ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా ఎవరో సొమ్ము లాగేస్తే, మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలిపితే మీకు నష్టం ఉండదని 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది.

పార్సిళ్లు పెరిగాక వాటి పేరు చెప్పి దోచేవాళ్లూ పెరిగారు. "మీ పార్సిలు చిరునామా తప్పుంది, పాతిక రూపాయలు కట్టండి" అంటూ లింకుతో మెసేజ్ వస్తుంది. ఢిల్లీ కస్టమ్స్ నుంచి అంటూ ఫోన్ వస్తుంది. కస్టమ్స్ శాఖ ఎవరి సొంత ఖాతాకూ డబ్బు వేయమనదు. 2019 నవంబరు నుంచి వాళ్లు పంపే ప్రతి పత్రం మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి, దాన్ని వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. పార్సిలు నంబరునే పరీక్షించే చిట్కా ఒకటి నాకు చాలా ఇష్టం. అంతర్జాతీయ తపాలా నంబరులో ముందు రెండక్షరాలు, తొమ్మిదంకెలు, చివర దేశాన్ని సూచించే రెండక్షరాలు ఉంటాయి. తొమ్మిదో అంకె తనిఖీ అంకె. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11 నుంచి తీసేయండి. 12345678కి మొత్తం 204, శేషం 6, కాబట్టి తొమ్మిదో అంకె 5 కావాలి. పది వస్తే సున్నా, పదకొండు వస్తే ఐదు వేస్తారు. మోసగాడు నోటికొచ్చిన నంబరు చెబితే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వస్తువు గురించి ఫిర్యాదైతే 1915.

మన ఈ-కామర్స్ నిబంధనలు, 2020 జులైలో వచ్చినవి, భారతీయులకు క్రమం తప్పకుండా అమ్మే విదేశీ సంస్థలకూ వర్తిస్తాయి. వినియోగదారుడు తాను ఉండే జిల్లాలోనే కేసు వేసుకునే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. కాగితం మీద మనం బలంగానే ఉన్నాం. యివూలోని చిన్న వ్యాపారికి నోటీసు అందించడం మాత్రం మూడొందల రూపాయల వస్తువు కోసం ఎవరూ చేయగలిగే పని కాదు.

ఇదే కథను అటువైపు నుంచి మన ఇళ్లు 2025లో చూశాయి. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిలుకు సుంకం లేని సౌకర్యం ఉండేది. చైనా, హాంకాంగ్ సరుకుకు మే 2న, మిగతా దేశాలన్నిటికీ ఆగస్టు 29న దాన్ని ఎత్తేశారు. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్సిళ్లు దాదాపుగా ఆపేసింది. ఆవకాయ, కారప్పొడి, అరిసెలు సిద్ధం చేసుకున్న తల్లిదండ్రులు, డబ్బాల్లో పచ్చళ్లు పంపి బతికే చిన్న వ్యాపారులు ఇబ్బందిపడ్డారు. అమెరికా కొనుగోలుదారుకు వాళ్లే పరదేశపు చవక అమ్మకందారులు మరి. అక్టోబరు 15న సేవ మళ్లీ మొదలైంది. ఇప్పుడు సుంకం బుకింగ్ దగ్గరే ముందుగా కట్టాలి. డబ్బాలో ఏమేమున్నాయో, ఒక్కోదాని విలువ ఎంతో విడివిడిగా చెప్పాలి. పంపేవారి పేరు, చిరునామా, ఫోన్ నంబరు నమోదు కాకుండా పార్సిలు కౌంటరు దాటదు.